ఊట సన్నబడిన ఏడాది

తను వెళ్ళగానే ఊట దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆగిపోతున్నాయని నజ్మియే వెంటనే గమనించలేదు. ఏవో ముసలమ్మల మోకాళ్ళ నొప్పుల గోలేమో అనుకుంది. ఆ రోజు మాత్రం ఎవరూ దాచాలని కూడా చూడలేదు. రాతి తొట్టి అంచున కూర్చుని ఉన్ని ఉతుకుతున్నవాళ్ళు ఆమెను చూసి చేతులు ఆపారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ తలలు వంచుకున్నారు. కొండ అడుగున బండలోంచి వచ్చే నీటికి తాతలనాడు అమర్చిన మూడు గొట్టాల్లో ఒకటి పూర్తిగా ఎండిపోయింది. రెండోది చుక్కలు రాలుస్తోంది. మూడోదాని కింద డబ్బాలూ బిందెలూ బారులు తీరి ఉన్నాయి.

“రా నజ్మియే, రా,” అంది గుల్లూ. మేకల మంద తప్ప మరో ఆస్తి లేని విధవరాలు ఆమె. నోటికి మాత్రం తాళం లేదు. “నీకు ఈ బారులో నిలబడే ఖర్మ దేనికి? పుట్టింటికి ఒక కేక వేస్తే సరిపోదూ? అక్కడ చేలల్లో కాళ్ళు దిగబడేంత నీళ్ళటగా!”

“ఎవరు చూసొచ్చారు వదినా?”

“చూడ్డానికి వెళ్ళాలా ఏంటి? గాలి చెప్తుంది. అదీ మీ ఊరి మీంచే కదా వీచేది!”

ఎవరో కిసుక్కుమన్నారు. నజ్మియే తన డబ్బా వరసలో పెట్టింది. పక్క డబ్బా తాలూకు మనిషి దాన్ని కొంచెం అవతలికి జరుపుకుంది. ఆ కాస్త జరపడమే ఇంటికి చేరేదాకా నజ్మియే గుండెలో ముల్లులా గుచ్చుకుంటూ ఉంది.

ఆమె పుట్టిల్లు కొండకు ఆవలివైపు, పైన, దుదెన్‌బాషీలో. అత్తిల్లు ఈ పినార్లీ. రెండు ఊళ్ళూ ఒకే మంచు మీద బతుకుతున్నాయి. పైన తెల్లటి సున్నపురాతి శిఖరాల నడుమ గిన్నెలాంటి మైదానం ఉంది. మంచు కరిగి వాగై, ఆ మైదానమంతా వంకర్లు తిరిగి, చివరికి ఒక బండ కింద నోరు తెరిచిన గుంతలో పడి మాయమవుతుంది. కొండ కడుపులో ఎక్కడెక్కడ తిరుగుతుందో గానీ, అదే నీరు కింద పినార్లీలో ఊటగా బయటపడుతుంది. అదే నీరని ఎలా తెలిసిందంటే ఒక కథ చెబుతారు. మేకల మందలతో దేశాలు తిరిగే అన్నదమ్ములిద్దరు ఆ మైదానంలో డేరాలు వేశారట. తమ్ముడి చేతికర్ర, రాగి కట్లు వేసినది, వాగులో జారి గుంతలో పడిపోయిందట. తర్వాత ఎప్పుడో కింది లోయలోకి మేకల్ని తోలుకెళితే ఊట మడుగులో అదే కర్ర తేలుతూ కనిపించిందట. ‘ఈ నీళ్ళు నన్ను రమ్మన్నాయి’ అని తమ్ముడు అక్కడే ఇల్లు కట్టాడు. ఇది పినార్లీ వాళ్ళ కథ. దుదెన్‌బాషీ వాళ్ళు చెప్పే కథలో కర్ర అన్నది. తమ్ముడు దాన్ని దొంగిలించి, నీళ్ళు తెచ్చాయని బొంకాడు.

సంగతి కర్రతో ఆగిపోతే బాగుండేది. నజ్మియే అత్త సాతీ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక కరువు వచ్చింది. పైవాళ్ళు గుంత నోటికి రాళ్ళూ మట్టీ అడ్డం వేసి నీళ్ళను తమ చేలకు మళ్ళించుకున్నారు. కిందివాళ్ళు పారలు పట్టుకుని కొండెక్కారు. సాతీ తండ్రి నడుం విరిగి, గాడిద మీద అడ్డంగా పడుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత రెండు ఊళ్ళ మధ్య పిల్లనిచ్చిందీ లేదు, తెచ్చుకున్నదీ లేదు. సాతీ కొడుకు ఇల్యాస్ ఒక్కడే పట్నం సంతలో జున్ను అమ్ముతున్న నజ్మియేను చూసి, చేసుకుంటే ఆమెనే చేసుకుంటానని మొండికేశాడు. సాతీ చివరికి ఒప్పుకుంది గానీ పై ఊళ్ళో కాలు పెట్టలేదు. కోడల్ని తెచ్చే బండి కోసం కొండ మలుపు దగ్గరే నిలబడింది. అప్పటినుంచి ఇప్పటిదాకా, కోడలు ఇద్దరు ఆడపిల్లల్ని కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపాక కూడా, ఆమె ఆ మలుపు దాటింది లేదు.

“ఎన్ని డబ్బాలు దొరికాయి?” అంది సాతీ, గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తూ.

“ఒకటి.”

“ఒకటి వదిలారన్నమాట మీవాళ్ళు. దయగలవాళ్ళే.”

నజ్మియే డబ్బా లోపల పెట్టింది. చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం భూమి కాస్త కంపించి, అలమారలో గాజు గ్లాసులు గలగలమన్నాయి. అంతకుమించి ఏ నష్టమూ జరగలేదు కాబట్టి అందరూ దాన్ని మర్చిపోయారు. వేసవి మొదలయ్యేసరికి ఊట సన్నబడింది. భూమి కంపించిన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కరువునాటి పారలు మాత్రం అందరికీ గుర్తొచ్చాయి.

ఆ ఊళ్ళో ఫోను సిగ్నలు ఇంటి డాబా ఎక్కితేనే దొరుకుతుంది. నజ్మియే వారానికోసారి డాబా ఎక్కి అన్న దుర్సున్‌తో మాట్లాడుతుంది. ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోని ఆ మాటల కోసం ఇప్పుడు నిచ్చెన కింద సాతీ కాపు కాస్తోంది.

“ఏమన్నాడు మీ అన్న?”

“ఆవు ఈనిందట అత్తా.”

“ఆవు ఈనిందని చెప్పడానికి అంతసేపా? ఎన్ని దూడల్ని ఈనిందేంటి?”

అత్త మాటలు నజ్మియేకు అలవాటే. ఆ మాటల్లో చురుకు ఉన్నా దొంగతనం లేదు. ఆమెను కుంగదీసింది వేరే. ఒక రోజు తోటలోంచి పెందలాడే ఇంటికొస్తే ఇల్యాస్ మంచం అంచున కూర్చుని ఆమె ఫోను చూస్తున్నాడు. వేలు పైకీ కిందికీ కదులుతోంది. ఆమె నీడ గుమ్మంలో పడగానే ఉలిక్కిపడ్డాడు.

“టైమెంతయిందో చూస్తున్నా,” అన్నాడు.

గోడ గడియారం సరిగ్గా అతని నెత్తిమీదే కొట్టుకుంటోంది. నజ్మియే దానివంక చూసింది, అతనివంక చూసింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి బుల్గూరు గోధుమ రవ్వ కడగడానికి తీసి, నీళ్ళు తక్కువున్నాయని గుర్తొచ్చి, మళ్ళీ గిన్నె కింద పెట్టేసింది. ఇరవై ఏళ్ళకు పైగా కలిసి పడుకున్న మనిషి. అడిగితే చెప్పదా? అడగలేదంటే, చెప్పినా నమ్మనని ముందే తేల్చుకున్నాడన్నమాట.

శుక్రవారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళంతా టీ దుకాణం ముందు చేరారు. ఆడవాళ్ళు ఎదురు గోడ నీడన నిలబడ్డారు. మధ్యలో కుర్చీ మీద ముఖ్తార్ జెవ్‌దెత్. ఊరికి పెద్ద అతనే. ఇస్త్రీ చొక్కా, చేతిలో జపమాల, ఎవరికి కోపమొచ్చినా తను మాత్రం మెత్తగా మాట్లాడే మనిషి. చలికాలంలో తారురోడ్డు పక్క బీడుపొలంలో అక్రోటు మొక్కలు నాటించినప్పుడు ఊరంతా నవ్వింది. ‘ట్యాంకరుతో తడుపుకుంటాలే, మీకెందుకు దిగులు’ అని అతనూ నవ్వాడు.

“నేను ఎవర్నీ ఏమీ అనడం లేదు,” అన్నాడు జెవ్‌దెత్. “పోయిన నెల పని మీద పైకి వెళ్ళాను. ఈ కళ్ళతో చూసిందే చెబుతున్నా. నల్ల ప్లాస్టిక్కు పరిచి కుంట తవ్వుకున్నారు. ఇంత పెద్దది. ఆ నీళ్ళు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా?”

గుంపులో గొణుగుడు లేచింది. “మళ్ళీ పారలు పట్టాల్సిందే,” అన్నారెవరో. “మన సంగతులన్నీ వాళ్ళకు ముందే తెలుస్తున్నాయి కదా. ఎవరు చేరవేస్తున్నారో ఏమో,” అన్నారింకెవరో. ఇల్యాస్ తల వంచుకుని టీ గ్లాసులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. అందులో చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

నజ్మియే గోడ నీడలోంచి ముందుకొచ్చింది.

“పారలు ఎక్కడికీ పోవు. ముందు నేను వెళ్ళి చూసొస్తా. గుంతలో గోధుమ పొట్టు పోస్తా. కర్ర వచ్చిన దారినే పొట్టూ వస్తుంది. వస్తే నీళ్ళు అవే, వాళ్ళు ఆపలేదు. మీరు ఊట దగ్గర కూర్చుని చూస్తూ ఉండండి.”

“వాళ్ళ పిల్లనే వాళ్ళమీదికి సాక్ష్యానికి పంపుతామా?” అన్నారు వెనకనించి.

జెవ్‌దెత్ జపమాల తిప్పడం ఒక్క క్షణం ఆగింది. “వెళ్ళనివ్వండి,” అన్నాడు. “మన కోడలే కదా.”

మర్నాడు ఆమె మినీబస్సు ఎక్కింది. రోడ్డు కొండను చుట్టి వెళుతుంది. ఊరు దాటాక జెవ్‌దెత్ అక్రోటు మొక్కలు కనిపించాయి. ఆకులు నవనవలాడుతున్నాయి. ‘ట్యాంకరు నీళ్ళు బాగానే పట్టాయి’ అనుకుంది. దాని పక్కనే కారదెరె అనే లోయ పగులు, నల్లరాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ లేనిది. అడవిపందుల కోసం విషం పెట్టాం, మేకల్ని అటు తోలకండి అని వసంతంలోనే మసీదు మైకులో ముఖ్తార్ చెప్పించాడు.

దుర్సున్ చెల్లెల్ని చూసి సంతోషించాడు గానీ, ఆ సంతోషం వెనకనే కళ్ళు చిట్లించాడు.

“నీ అంతట నువ్వే వచ్చావా, పంపితే వచ్చావా?”

“నీళ్ళు చూడ్డానికొచ్చాను అన్నా.”

“అంటే పంపితేనే వచ్చావు. ఇక్కడందరూ అదే అంటున్నారు, దుర్సున్ చెల్లెలు మన పిల్లకాలవలు లెక్కపెట్టుకోవడానికి వస్తుందని. నేనే లేదన్నాను.”

“అక్కడ నీ గూఢచారిని, ఇక్కడ వాళ్ళ గూఢచారిని. నాకు జీతం ఎవరిస్తున్నారో ఎవరైనా చెబితే బాగుండు.”

వదిన వేడివేడి రొట్టె, జున్ను తెచ్చిపెట్టింది. నజ్మియేకు మింగుడు పడలేదు. కిటికీలోంచి కుంట కనబడుతోంది. నల్ల ప్లాస్టిక్కు అంచులు ఎండలో మెరుస్తున్నాయి. జెవ్‌దెత్ చెప్పింది అబద్ధం కాదు. ‘నా అన్న కూడా నాకు అబద్ధం చెబుతున్నాడా?’ అన్న ఆలోచన రాగానే ఆమెకు తనమీదే అసహ్యం వేసింది. అయినా లేచి వెళ్ళింది. కుంట అంచున నిలబడి లోపలికి చూసింది. అడుగున బీటలు వారిన బురద, గొర్రెల అడుగులు, ఒక మూల పిడికెడు పచ్చటి నీళ్ళు.

“చలికాలం మంచు పట్టుకోవడానికి తవ్వాం,” అన్నాడు వెనకే వచ్చిన దుర్సున్. “గొర్రెలు ఎప్పుడో తాగేశాయి. దిగి తడిమి చూస్తావా, నిచ్చెన తెమ్మంటావా?”

“వద్దు. పొట్టు ఇవ్వు.”

“గుంత మూసేశారని రేపు మామీద కేసు పెట్టరు కదా?”

“అన్నా!”

“సరేలే, ఇస్తా.”

గుంత దగ్గర చిన్నప్పటి హోరే వినిపించింది. వాగు నిండుగా వచ్చి, బండ కింద నల్లటి నోట్లో పడి, లోపలెక్కడో ఉరుముతోంది. అడ్డంగా రాయి లేదు, మట్టి లేదు. నజ్మియే బస్తాల మూతులు విప్పి పొట్టు కుమ్మరించింది. బంగారు రంగు తెప్పలా ఒక్కసారి తిరిగి, అది చీకట్లోకి జారిపోయింది.

కింద ఊట దగ్గర జనం వంతులేసుకుని కూర్చున్నారు. పెద్దల లెక్క ప్రకారం మర్నాటికల్లా తేలాలి. తేలలేదు. ఆ మర్నాడూ తేలలేదు. మూడో గొట్టం కూడా సన్నగిల్లింది. తిరిగొచ్చిన నజ్మియే రోజంతా తొట్టి పక్కనే నిలబడి, గాలికి కొట్టుకొచ్చిన ప్రతి పుల్లనీ వంగి తీసి చూస్తూ ఉంది.

“పోశానంటున్నావు కదా,” అన్నాడు జెవ్‌దెత్, మెత్తగానే. “పోసినట్టు చూసినవాళ్ళు ఎవరమ్మా?”

“మా అన్న.”

నవ్వులు. ఆమె భర్త కోసం చూసింది. ఇల్యాస్ గుంపు చివర నిలబడి ఉన్నాడు. ఆమె చూపు తగలగానే మొహం తిప్పుకున్నాడు. ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేసింది.

సాతీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కోడలి మొహం చాలాసేపు చూసింది.

“ఇదిగో, నన్ను చూసి చెప్పు. పోశావా?”

“పోశాను అత్తా.”

“ఎన్ని బస్తాలైనా పోయొచ్చు, పొట్టు పొట్టే. పై చేల పొట్టు, కింది చేల పొట్టు ఒకేలా ఉంటాయి. వచ్చినా మనదని ఎవడూ ఒప్పుకోడు.” ముసలావిడ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. “ఉన్నికి వేసే ఎర్రరంగు వేరు అటక మీద ఉంది, దించు. పెద్ద కాగు పెట్టు. పొట్టుకు రంగు వేద్దాం. ఈసారి నేనే పోస్తా.”

“నువ్వా? పైకా?”

“ఏం, పైన గాలి ఆడదా? నువ్వు అబద్ధమాడుతుంటే నాకక్కడే తెలుస్తుంది. నిజమైతే ఈ వెధవలకు నేను చెబుతా. నా మాట కాదనే మగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.”

ఇల్యాస్ ట్రాక్టరు తీశాడు. ట్రాలీలో ఎర్రటి పొట్టు బస్తాల మధ్య పాత పరుపు మీద సాతీ రాణీలా కూర్చుంది. మలుపు దగ్గరికొచ్చాక కొడుకును ఆపమంది. నజ్మియే భయపడింది, మనసు మార్చుకుందేమోనని. సాతీ తలగుడ్డ విప్పి, దులిపి, గట్టిగా కట్టుకుంది.

“పోనీరా,” అంది.

దుదెన్‌బాషీలో ఆమెను చూడ్డానికి ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చారు. దుర్సున్ ఎదురొచ్చి ముసలావిడ చెయ్యి ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

“ఇంతకాలానికి దారి తెలిసిందా పెద్దమ్మా?”

“దారి మా నాన్నకు బాగా తెలుసు నాయనా. వెళ్ళేటప్పుడు నడిచే వెళ్ళాడు. వచ్చేటప్పుడే నడవలేకపోయాడు.”

దుర్సున్ తల దించుకున్నాడు. “మా తాత చేసింది తప్పే.”

“నీ తాతకు చెప్పాల్సిన మాట నీకు చెప్పి ఏం లాభం? గుంత చూపించు.”

టీ తెచ్చారు. తాగనంది. గుంత దగ్గర వాగు హోరు విని మాత్రం ఆమె చాలాసేపు కదల్లేదు. తన జీవితమంతా ఏ నీళ్ళు తాగి బతికిందో అవి అక్కడ కళ్ళముందు కొండలోకి దూకుతున్నాయి. ఎక్కడా అడ్డు లేదు. తనే వంగి నీళ్ళల్లో చెయ్యి పెట్టింది, చలికి వెంటనే తీసుకుంది. తర్వాత కొడుకు పట్టుకుంటే తన చేత్తోనే బస్తాలు ఒంపింది. నీళ్ళు దానిమ్మరసంలా తిరిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు దుర్సున్ వాకిట్లో ఆగి, “ఆ టీ ఏదీ, చల్లారిపోయిందా?” అంది. వేడిది పోసిచ్చారు. నిలబడే తాగింది. నజ్మియే మొహంలోకి చూడకుండా, “పోశావు, సరే,” అంది.

ఈసారి ఊట దగ్గర ఊరంతా కూర్చుంది. ఎర్రచుక్క ఒక్కటైనా తేలలేదు.

“అయితే నీళ్ళు ఎటు పోతున్నట్టు?” అంది సాతీ అందరివంకా చూస్తూ. “నేను అబద్ధమాడాననే మొనగాడు ఎవరైనా ఉంటే ముందుకు రండి.”

ఎవరూ రాలేదు. పైవాళ్ళు నీళ్ళు ఆపడం లేదు, అవి కిందికీ రావడం లేదు. అనుమానానికి పట్టుకోవడానికి ఏ కొమ్మా దొరక్క జనం తికమకపడ్డారు. కొండలో దయ్యముందన్నారొకరు. జెవ్‌దెత్ పంచాయితీ వాళ్ళకు కబురు చేస్తానన్నాడు, ఓపిక పట్టమన్నాడు.

సాయంత్రం ఎండ వాలుతుండగా గుల్లూ మేకల్ని తోలుకుని వచ్చింది. వీధి మలుపులోనే శాపనార్థాలు మొదలుపెట్టింది, ఏదో ముళ్ళపొద తన మేకల మూతులు చీరేసిందని, నెత్తురోడుతున్నాయని. నజ్మియే లేచి చూసింది. ముందు నడుస్తున్న తెల్ల మేకపోతు గడ్డం ఎర్రగా ఉంది. దగ్గరికెళ్ళి పట్టుకుంది. అది నెత్తురు కాదు. తడి పొట్టు, ఎర్రది, గడ్డం నిండా అంటుకుని ఉంది.

“వదినా,” అంది నజ్మియే, గడ్డం వదలకుండా, “ఇవాళ ఎక్కడ మేపావు?”

గుల్లూ నీళ్ళు నమిలింది. “అక్కడా ఇక్కడా.”

“గుల్లూ!” అని సాతీ గదమాయించింది.

“కారదెరెలో! ఏం చేయమంటారు మరి? ఎక్కడా గరిక లేదు. విషం తిని చస్తే చచ్చాయిలే అనుకుని తోలా. అక్కడ గడ్డి చూస్తే మోకాళ్ళ దాకా ఉంది. విషమూ లేదు, పందీ లేదు.”

అందరి తలలూ టీ దుకాణం వైపు తిరిగాయి. జెవ్‌దెత్ కుర్చీ ఖాళీగా ఉంది.

వెలుతురు ఉండగానే ఊరంతా కారదెరెకు నడిచింది. ముళ్ళపొదలు దాటాక నీళ్ళ చప్పుడు వినబడింది. నల్లరాళ్ళ మధ్య కొత్తగా చీలిన బండలోంచి ఊట తన్నుకొస్తోంది, పినార్లీ మూడు గొట్టాలకు సరిపడా. కొత్తగా కట్టిన చిన్న అడ్డుగోడ, దాని కింద మడుగు, మడుగంతా ఎర్రటి నురగ. మడుగులోంచి ఒక నల్లగొట్టం మట్టి కప్పుకుని అక్రోటు తోట వైపు పోయింది.

జెవ్‌దెత్ అక్కడే ఉన్నాడు. బుట్టతో ఎర్రపొట్టు ఎత్తి ఒడ్డుకు పోస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా తడిసిపోయింది. జనాన్ని చూసి బుట్ట కింద పెట్టాడు.

“దొంగతనం చేశానా నేను?” అన్నాడు, ఎవరూ అడక్కముందే. “భూమి కదిలిన రోజు పొలం చూసుకోవడానికొస్తే ఈ బండ చీలి ఉంది. నేను తవ్వలేదు, పగలగొట్టలేదు. కొండ ఇచ్చింది. మొక్కలు నిలదొక్కుకోగానే, ఈ శరదృతువులోనే, చెబుదామనుకున్నా.”

ఇల్యాస్ పిడికిళ్ళు బిగించి ముందుకు దూకబోయాడు. నజ్మియే అతన్ని చేత్తో ఆపింది.

“నీళ్ళ సంగతి వీళ్ళు చూసుకుంటారు ముఖ్తార్ గారూ. నాకొకటి చెప్పు. పైన కుంట ఉందని చెప్పింది నువ్వు. పోసినట్టు ఎవరు చూశారని అడిగింది నువ్వు. నీళ్ళు ఇక్కడ పారుతున్నాయని తెలిసి కూడా నా మొహంలోకి చూస్తూ ఎలా అడిగావు?”

“నేను నీ పేరు ఎప్పుడైనా ఎత్తానా అమ్మా?”

“లేదు. నీకా అవసరం రాలేదు,” అంది నజ్మియే. అలా అంటూ వెనక్కి తిరిగింది. ఊరు ఆమె కళ్ళలోకి చూడలేక మడుగువైపు చూసింది.

కారదెరె నుంచి ఊట దాకా గొట్టం వేయడానికి వేసవి మిగతా రోజులన్నీ పట్టాయి. దుదెన్‌బాషీ నుంచి దుర్సున్ ట్రాక్టర్ల నిండా మనుషుల్ని దించాడు, పారలు భుజాన వేసుకుని. వాళ్ళు అలా దిగడం చూసి పినార్లీ ముసలాళ్ళు కొందరు తలుపులు వేసుకున్నారు. తర్వాత సిగ్గుపడి, మజ్జిగ కుండలు పట్టుకుని బయటికొచ్చారు. చిక్కుళ్ళు ఎండిపోయాయి, ఆపిల్ చెట్లు బతికాయి. జెవ్‌దెత్ తనే తప్పుకున్నాడు. అక్రోటు మొక్కలను ఎవరూ పీకలేదు, తడపనూ లేదు. గుల్లూ ఒక రోజు గిన్నెడు మేకపాల పెరుగు తెచ్చి నజ్మియే గుమ్మంలో పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. గుల్లూ మాట్లాడకపోవడం అదే మొదలు.

ఇల్యాస్ మాత్రం చాలా రోజులు ఇంట్లో పిల్లిలా తిరిగాడు. ఒక మధ్యాహ్నం తోటలో ఆపిల్ కొమ్మలకు ఊతకర్రలు పెడుతూ, “ఆ రోజు నేను టైము చూడలేదు,” అన్నాడు.

“తెలుసు.”

“ఊళ్ళో వాళ్ళు నా చెవులు కొరికేశారు. ఒక్కసారి చూస్తే నాకు నమ్మకం కుదురుతుందనుకున్నా.”

“కుదిరిందా?”

అతను మరో కొమ్మ కిందికి కర్ర జరిపాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. అలసటొచ్చింది. మర్నాడు సంచిలో బట్టలు సర్దుకుని, “అన్న దగ్గర కొన్నాళ్ళుంటా,” అని చెప్పి మినీబస్సు ఎక్కింది. ఎన్నాళ్ళో చెప్పలేదు. అతను ఆపలేదు.

పైన వదిన మొదటి రోజు ఆదరంగా, తర్వాత కొంచెం జాగ్రత్తగా చూసింది. “గొడవపడి వచ్చావా?” అని తిప్పి తిప్పి అడిగింది. నజ్మియే గొర్రెల పాలు పితికింది, వాగులో దుప్పట్లు ఉతికింది, మైదానం చివర ఒంటరిగా కూర్చుంది. ఇక్కడ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదనుకుని వచ్చింది. రెండు ఊళ్ళలోనూ తను సగం మనిషేనని, ఇద్దరూ చెరో సగాన్నీ అనుమానిస్తారని అక్కడ కూర్చున్నాకే ఆమెకు బాగా తెలిసొచ్చింది. ఇల్యాస్ రెండుసార్లు ఫోను చేశాడు. ఆమె మాట్లాడింది, వస్తానని మాత్రం అనలేదు.

మూడోసారి ఫోను రాలేదు. ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో పరుపు మీద సాతీ. ఇల్యాస్ ఊరి బయటే ఇంజను ఆపి, చక్రాలు చూసుకుంటున్నట్టు వంగి నిలబడ్డాడు. ముసలావిడ ఒక్కతే వాకిట్లోకి నడిచొచ్చి, ఎవరూ కూర్చోమనకముందే అరుగు మీద కూర్చుంది.

“చలికాలం చారుకు కలిపిన తర్హానా పిండి పులిసింది,” అంది. “ఎండబెట్టాలి. ఎండలు ఎన్నాళ్ళో ఉండవు. నా చేతులతో కావడం లేదు.”

“మీ అబ్బాయి చెయ్యొచ్చుగా అత్తా.”

“వాడు చేస్తే ఆ ముద్దలు పావురాలు కూడా తినవు.” సాతీ కాసేపు వాగువైపు చూసింది. “మా నాన్న చనిపోయేదాకా ఒకటే మాట అనేవాడు, పైవాళ్ళను నమ్మొద్దని. నువ్వు ఇంట్లోకి వచ్చినరోజు నుంచీ నీ చేతి కూడే తింటూ, నేను ఆ మాట పట్టుకునే ఉన్నా. వదిలిపెట్టడం నాకు చాతకాదు. ఈ వయసులో ఇంకా అసలే కాదు. నేర్చుకుంటానని ఒట్టు కూడా వెయ్యను. అయినా రమ్మని అడగడానికొచ్చా.”

వదిన టీ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

“మరి నేను డాబా ఎక్కితే నిచ్చెన కింద నిలబడతావా?” అంది నజ్మియే.

“నిలబడతా. వినడానికి కాదు, నిచ్చెన ఊగుతోంది, పట్టుకోవడానికి.”

“ఊగట్లేదు అత్తా. కిందటేడే మేకులు కొట్టించాం.”

“అయితే వినడానికే,” అంది సాతీ.

నజ్మియేకు ఆపుకుందామన్నా నవ్వాగలేదు. లోపలికి వెళ్ళి సంచి తెచ్చుకుంది. వదిన చేతిలోని టీ గ్లాసులు తీసుకుని ఒకటి అత్తకు ఇచ్చి, రెండోది పట్టుకుని ఊరి బయట చక్రాలు చూస్తూ నిలబడ్డ మనిషి దగ్గరికి నడిచింది.